గిరక నాలుక, ఆలిచిప్పల మొప్పలు

ఉప్పురేవుకు ఎదురుగా, ఏరు సముద్రంలో కలిసే చోటికి కాస్త ఎడంగా, ఒక నల్లరాళ్ళ దిబ్బ ఉంది. దాని పేరు గొర్రెమెట్ట. ఒడ్డు నుంచి చూస్తే గొర్రెల మంద పడుకున్నట్టు కనిపిస్తుంది. పోటు వచ్చినప్పుడు ఆ రాళ్ళు మునుగుతాయి, ఆటుకు మళ్ళీ తేలతాయి. నత్తలు, పీతలు, ఆలిచిప్పలు, వేలెడంత చేపలు ఆ రాళ్ళను నమ్ముకుని బతికేవి.

ఆ మెట్ట మీద ఒక నత్త ఉండేది. బొంగరం లాంటి గుల్ల దానిది. ఒక చోట కుదురుగా ఉండేది కాదు. ఈ రాయి మీద సగం తిని ఆ రాయి మీదికి పోయేది. అక్కడ రెండు ముద్దలు తిని వెనక్కి తిరిగేది. అందుకే అందరూ దాన్ని గిరక అని పిలిచేవారు.

గిరక నాలుక మన నాలుక లాంటిది కాదు. రిబ్బనులా పొడుగ్గా ఉంటుంది. దాని మీద వరుసలు వరుసలుగా సన్నని పళ్ళు ఉంటాయి. కొబ్బరికోరు మీద పళ్ళలాగే ఉంటాయి కానీ కంటికి ఆనవు. రాతి మీద పచ్చగా పట్టిన పాచిని గిరక ఆ నాలుకతో గీకి తినేది. ముందు వరుస పళ్ళు అరిగిపోతే, వెనక నుంచి కొత్త వరుస నెమ్మదిగా ముందుకు జరిగేది. అందుకని దానికి పళ్ళ కరువు లేదు. పాచికి కూడా కరువు లేదు.

అయినా గిరక మనసు ఊరుకునేది కాదు.

"ఎప్పుడూ ఇదే తిండి. ఇదే గీకుడు" అనుకునేది. నోట్లో పాచి ఉండగానే పక్కవాళ్ళ నోటి వైపు చూసేది.

ఒకసారి తిరుగుతూ తిరుగుతూ మెట్ట కింద రాతి నెర్రెలో ఉన్న ఆలిచిప్పల గుంపు దగ్గరికి వెళ్ళింది. అవి సన్నని దారాలతో రాతికి కట్టుకుని, ఒకదాన్నొకటి ఆనుకుని కూర్చుని ఉన్నాయి. వాటి వీపుల మీద కూడా పాచి దట్టంగా పట్టి ఉంది. వాటిలో పెద్దది పోలమ్మ. కాస్త నోరు తెరుచుకుని కదలకుండా ఉంది.

"పిన్నీ, ఏం తింటున్నావు?" అని అడిగింది గిరక.

"ఏం వస్తే అదే తింటున్నా."

"నీకు నాలుక ఉందా?"

"లేదు."

"పళ్ళు?"

"అవీ లేవు."

"పోనీ తలైనా ఉందా?"

"అదీ లేదమ్మా. నోరు మాత్రం ఉంది" అంది పోలమ్మ.

గిరక లోపలికి తొంగి చూసింది. పోలమ్మ చిప్ప లోపల పల్చని తెరల్లా మొప్పలు వేలాడుతున్నాయి. వాటి మీద నూగు ఎడతెరిపి లేకుండా ఆడుతోంది. ఆ ఆటకు నీళ్ళు ఒక పక్క నుంచి లోపలికి వచ్చి, మొప్పల గుండా పోయి, ఇంకో పక్క నుంచి బయటికి పోతున్నాయి. నీళ్ళలో ఉన్న నలుసులన్నీ మొప్పల జిగురుకు అంటుకుంటున్నాయి. నోటి దగ్గర రెండు జతల పెదవులు ఉన్నాయి. బియ్యంలో రాళ్ళు ఏరినట్టు అవి తినే నలుసును లోపలికి పంపుతున్నాయి. బురద నలుసును జిగురుతో ఉండ చుట్టి బయటికి తోసేస్తున్నాయి.

"అంటే నీళ్ళు వడకట్టుకోవడమేగా. అదీ ఒక తిండేనా?" అంది గిరక.

పోలమ్మ కోపం తెచ్చుకోలేదు. "మాకు చేతనైంది ఇదే" అంది. దాని మొప్పలు ఆడుతూనే ఉన్నాయి.

పై రాతి మీద గొడుగయ్య అనే ముసలి నత్త ఈ మాటలు విన్నాడు. గొడుగు బోర్లించినట్టు ఉండే గుల్ల ఆయనది. ఆయన పళ్ళు ఇనుమంత గట్టివి. పాచితో పాటు రాతిని కూడా గీకగలడు. పోటులో తిరిగి మేసి, ఆటు వచ్చేసరికి తన గుల్ల అంచుకు సరిపోయేలా అరగదీసుకున్న చోటికే వచ్చి కూర్చునేవాడు.

"నీ నాలుక నీకు కడుపు నింపుతోంది కదా. ఇంకేం కావాలే?" అన్నాడాయన.

"ఏమో తాతా. ఇంకేదో కావాలి" అంది గిరక. అంటూనే ఇంకో రాయి వైపు కదిలింది.

ఎండలు ముదిరి, దక్షిణపు గాలి రాళ్ళను ఎడతెగకుండా కొడుతున్న రోజుల్లో, ఇసుక వైపు నుంచి ఒక కొత్త నత్త మెట్ట ఎక్కి వచ్చాడు. మందమైన గుల్ల, దాని మీద బొడిపెలు. పేరు బరమన్న. వడ్రంగి బరమాతో చెక్కకు చిల్లు పెట్టినట్టు చిప్పలకు చిల్లులు పెడతాడు కనక ఆ పేరు వచ్చింది.

బరమన్న గిరకను కొంతసేపు గమనించాడు. అది రాయి రాయికీ తిరగడం, దేనిమీదా నిలవకపోవడం చూశాడు.

"చెల్లెమ్మా, ఎంతకాలం ఈ పాచి గీకుతావు?" అని పలకరించాడు.

"ఇంకేం తినను? నా నోటికి ఇదే రాసిపెట్టి ఉంది."

"నీకూ నాకూ నోట్లో ఉన్నది పళ్ళ నాలుకే. నేను మాంసం తింటున్నాను. నువ్వు పాచి దగ్గరే ఆగిపోయావు. అంతే తేడా" అన్నాడు బరమన్న.

అతను నోటి నుంచి పొడవాటి తొండం చాచి చూపించాడు. తొండం చివర నాలుక ఉంది. దాని మీద పళ్ళు కొన్నే ఉన్నాయి కానీ ఒక్కొక్కటి కొక్కెంలా వంగి, సూదిలా మొనదేలి ఉంది. గిరకకు వాటిని చూస్తే భయమేసింది. చూపు మాత్రం తిప్పుకోలేకపోయింది.

"నాకూ నేర్పుతావా అన్నా?"

"నేర్పుతాను. నాకు ఒక చిన్న సాయం చెయ్యి. ఈ ఆలిచిప్పల వీపుల మీద పాచి మరీ మందంగా ఉంది. నా పాదం చిప్పకు ఆనడం లేదు. కాస్త శుభ్రం చేసి పెట్టు. మాంసంలో నీకూ వాటా ఇస్తాను."

గిరక వెనక్కి తగ్గింది. "వాళ్ళు నాకు తెలిసినవాళ్ళు" అంది.

"తెలిసినవాళ్ళే. వాళ్ళనేమైనా చెయ్యమని నీతో అన్నానా? రోజూ చేసే పనే చెయ్యి. పాచి తిను. ఎక్కడ తినాలో నేను చెబుతాను."

గిరక మనసు అటూ ఇటూ కొట్టుకుంది. ఒక పోటంతా రాళ్ళ చుట్టూ తిరిగింది. పాచి తింటే రుచించలేదు. తినకపోతే తోచలేదు. చివరికి మెట్ట అంచున, పోలమ్మకు దూరంగా ఉన్న గుంపు దగ్గరికి వెళ్ళింది. 'నేను పాచే కదా తింటున్నాను' అని తనకు తాను చెప్పుకుంది. ఒక చిప్ప వీపు నున్నగా అయ్యేదాకా గీకింది.

బరమన్న ఆ చిప్ప ఎక్కాడు. అతని పాదం కింద మెత్తటి దిండు లాంటి భాగం ఉంది. దాన్ని చిప్పకు ఆనించాడు. అందులోంచి ఊరిన రసం చిప్పను మెత్తబరిచింది. తర్వాత తొండం చాచి ఆ చోట గీరాడు. మళ్ళీ రసం, మళ్ళీ గీరుడు. పోటు పోయింది, ఆటు వచ్చింది. అతను మాత్రం కదల్లేదు. లోపల ఆలిచిప్ప బిగించుకుని కూర్చుంది. అయినా గోడకే కన్నం పడుతుంటే తలుపు మూసుకుని ఏం లాభం? చివరికి గుండ్రని చిల్లు పడింది. బరమన్న అందులోకి తొండం దూర్చాడు. కాసేపటికి చిప్ప దానంతట అదే తెరుచుకుంది.

"రా చెల్లెమ్మా, నీ వాటా" అని పిలిచాడు.

గిరక వెళ్ళింది. మిగిలిన మాంసం మీద నాలుక వేసింది. దాని పళ్ళు పాచిని ఊడ్చే పళ్ళు. మాంసం మీద జారిపోయాయి. ఎంత గీకినా ఒక్క ముక్క తెగలేదు. అంటుకున్న కాస్తా మింగితే కడుపులో ఇమడలేదు.

"మొదట్లో అలాగే ఉంటుంది. అలవాటవుతుంది. ఇంకో చిప్ప శుభ్రం చెయ్యి" అన్నాడు బరమన్న.

గిరక ఇంకో చిప్ప శుభ్రం చేసింది. ఆ తర్వాత ఇంకోటి. ఆగితే తను చేసింది తప్పని ఒప్పుకున్నట్టు అవుతుందేమోనని ఆగలేదు. ఈలోగా బరమన్న కబురందుకుని అతని వాళ్ళు కూడా ఇసుక వైపు నుంచి వచ్చారు. మెట్ట అంచున చిల్లులు పడిన ఖాళీ చిప్పలు పోగయ్యాయి. అలల్లో అవి ఒకదానికొకటి తగిలి టకటకలాడుతుంటే గిరకకు ఎక్కడ కూర్చున్నా ఆ చప్పుడే వినిపించేది.

ఒకనాడు ఎవరూ చూడకుండా గిరక ఒక ఖాళీ చిప్ప మీద తనే చిల్లు పెట్టబోయింది. దాని పాదం కింద రసం ఊరే దిండు లేదు. నాలుక బలంతోనే గట్టి చిప్పను గీరింది. చిప్ప మీద గీత కూడా పడలేదు. దాని పళ్ళే విరిగాయి. వెనక వరుస ముందుకు వచ్చేలోగా మళ్ళీ గీరింది. ఆ వరుస కూడా మొద్దుబారింది. నోరంతా మంట పుట్టి మానుకుంది.

అప్పుడు వానలు మొదలయ్యాయి. ఏరు పొంగి సముద్రంలోకి ఎర్రటి బురదనీళ్ళు తోసింది. ఏటా వచ్చే బురదే అది. ఏటా కొద్ది రోజులకే గొర్రెమెట్ట చుట్టూ నీళ్ళు తేటపడేవి. ఎందుకు తేటపడతాయని ఎవరూ ఆలోచించేవారు కాదు.

ఈసారి తేటపడలేదు. బురద నీళ్ళలోనే నిలిచిపోయింది. ఎండ రాళ్ళ దాకా దిగలేదు. ఎండ తగలక పాచి పాలిపోయింది, తర్వాత కుళ్ళి ఊడిపోయింది. రాళ్ళ మీద బురద పేరుకుంది. చిన్న చేపలు మొప్పలు బురదతో నిండి ఉక్కిరిబిక్కిరై వేరే చోటికి వలసపోయాయి.

గిరకకు ఆకలి పట్టుకుంది. రాయి మీద నాలుక వేస్తే బురద వచ్చేది. ఇంకో రాయి మీద వేసినా బురదే. అంతకు ముందు తోచక తిరిగేది, ఇప్పుడు బతకడానికి తిరుగుతోంది. మొద్దుబారిన పళ్ళతో ఎక్కడో కాస్త పచ్చదనం దొరికినా గీకలేకపోతోంది.

గొడుగయ్య దగ్గరికి వెళ్ళింది. ఆయన గుల్ల అంచు బిగించుకుని తన చోట కూర్చుని ఉన్నాడు.

"తాతా, తినడానికి ఏమైనా ఉందా?"

"నా పళ్ళు గట్టివి కాబట్టి రాతిలో దాక్కున్న పాచి తుంపులు గీకుతున్నాను. నాకే చాలడం లేదు. ఇన్నేళ్ళలో ఇలాంటి మురికి చూడలేదమ్మా" అన్నాడాయన.

గిరక మెట్ట కిందికి దిగింది. అలలు తిన్నగా కొట్టని పోలమ్మ వాళ్ళ నెర్రె ఉందక్కడ. ఆ నెర్రె అంచుకు వచ్చేసరికి దానికి ఏదో తేడాగా అనిపించింది. చుట్టూ ఎర్రనీళ్ళు. నెర్రె లోపల మాత్రం జానెడు మేర నీళ్ళు తేటగా ఉన్నాయి. పైనుంచి సన్నటి ఎండ పడుతోంది. ఆ ఎండలో పోలమ్మ, దాని చుట్టూ మిగిలిన కొద్దిపాటి ఆలిచిప్పలు ఉన్నాయి. వాటి వీపుల మీద పాచి పచ్చగా నిగనిగలాడుతోంది. వాటి పక్కన రాతి మీద బురద ఉండలు కుప్పలుగా పడి ఉన్నాయి.

గిరక అలాగే ఆగిపోయింది. అది అంతసేపు కదలకుండా ఉండడం అదే మొదలు. ఎర్రనీళ్ళు ఒక పక్క నుంచి లోపలికి పోవడం, తేటనీళ్ళు ఇంకో పక్క నుంచి బయటికి రావడం చూసింది. మెట్ట మీద తను తిన్న పాచి అంతా ఎవరి చలవ వల్ల పెరిగిందో దానికి అప్పుడు తెలిసింది.

"పిన్నీ" అంది.

"అంచున ఉన్నవాళ్ళ మీద పాచి తీసింది నువ్వేనని తెలుసు. నీ నాలుక గరగర మాకు రాతి గుండా వినిపిస్తుంది" అంది పోలమ్మ.

"మరి నన్ను ఎవరూ ఏమీ అనలేదేం?"

"ఏం అనమంటావు? నీ వెనకాల పరిగెత్తడానికి మాకు కాళ్ళున్నాయా? ఇప్పుడు ఎందుకు వచ్చావో అది చెప్పు."

గిరక జవాబు చెప్పేలోగా వెనక నుంచి బరమన్న వచ్చాడు. అతనూ చిక్కిపోయాడు. చిప్పలన్నీ తినేసి అతని వాళ్ళు మెట్టంతా వెతుక్కుంటున్నారు.

"భలే చోటు కనిపెట్టావు చెల్లెమ్మా. ఇక్కడ పాచి కూడా ఉంది. నీకు ఆకలిగా ఉందిగా, ముందు ఆ పెద్దదాని వీపు మీద తిను. తర్వాత నేను చూసుకుంటాను" అన్నాడు.

గిరక ఎదురుగా పచ్చటి పాచి ఉంది. మొద్దు పళ్ళకు కూడా తెగేంత లేత పాచి. మెట్ట మొత్తం మీద మిగిలిన తిండి అదొక్కటే. నోరు దానంతట అదే తెరుచుకుంది. గిరక నాలుకను లోపలికి లాక్కుంది.

"నేను తినను" అంది.

"తినకపోతే చస్తావు."

"చస్తే చస్తాను. వీళ్ళ మీద నాలుక వెయ్యను."

బరమన్న నవ్వాడు. "నువ్వు లేకపోతే నాకు గడవదనుకున్నావా? ఈ దిబ్బ మీద నాకు పట్టుబడని చిప్ప లేదు. గట్టిగా మూసుకున్నవాళ్ళనూ తిన్నాను, లోతులో దాక్కున్నవాళ్ళనూ తిన్నాను. ఈ తలలేని వాళ్ళు నన్నేం చేస్తారు?"

పోలమ్మ చిప్ప అంచున పాచి లేని చిన్న చోటు ఉంది. పక్క చిప్పకు ఒరుసుకుని అది నున్నబడింది. బరమన్న దాని వైపు కదిలాడు. గిరక అంతకంటే ముందు ప్రాకి ఆ చోట పాదం పరిచి కూర్చుంది. ఆకలితో దాని పట్టు సడలుతోంది. బరమన్న తన బరువైన గుల్లతో తోశాడు. గిరక ఊగింది కానీ వదల్లేదు.

"కూర్చో. నాకు ఇంకా చోట్లున్నాయి" అని బరమన్న గుంపు నట్టనడుమకు ఎక్కాడు. అక్కడ చిప్పలు ఒకదానికొకటి బాగా రాసుకుని మరో నున్నటి చోటు ఉంది. పాదం దిండు ఆనించి పనిలో పడ్డాడు. రసం, గీరుడు. మళ్ళీ రసం, మళ్ళీ గీరుడు. పని మొదలుపెడితే అతనికి చుట్టూ ఏం జరుగుతోందో పట్టదు.

అప్పుడు పోలమ్మ చిప్ప కాస్త తెరుచుకుంది. అందులోంచి నాలుకలా సన్నటి పాదం బయటికి వచ్చింది. తడుముకుంటూ వెళ్ళి బరమన్న గుల్లను తాకింది. తీసేసరికి అక్కడ ఒక దారం అంటుకుని ఉంది. ఆలిచిప్పలు తమను రాతికి కట్టుకునే దారమే అది. పక్కనున్న చిప్ప ఇంకో దారం వేసింది. అవతలి చిప్ప మరొకటి వేసింది. నట్టనడుమ కూర్చున్నాడు కనక అందరి పాదాలూ అతన్ని అందుకున్నాయి.

గిరక తన చోటు వదలకుండా చూస్తోంది. చిల్లు ముందు పడుతుందో, దారాలు ముందు బిగుస్తాయో తెలియదు. బరమన్న నాలుక గరగర ఆగలేదు. పోటు వచ్చి నెర్రెలో నీళ్ళు సుడి తిరిగాయి. ఒక పెద్ద అల గిరకను పక్కకు నెట్టేసింది. అది మళ్ళీ ప్రాకి వచ్చి తన చోట కూర్చుంది.

చివరికి బరమన్నకు అనుమానం వచ్చింది. కొంచెం జరిగి చూద్దామనుకుంటే గుల్ల కదల్లేదు. గింజుకున్నాడు. ఒక దారం తెగింది. అంతలో ఇంకో రెండు అంటుకున్నాయి.

"చెల్లెమ్మా, నీ పళ్ళతో ఈ దారాలు కొరుకు" అన్నాడు.

"నా పళ్ళు అరిగిపోయాయి అన్నా. నువ్వు నేర్పిన పని చేస్తే అరిగిపోయాయి" అంది గిరక. "ఉన్నా కొరికేదాన్ని కాదు."

తర్వాతి అలకు బరమన్న పక్కకు ఒరిగాడు. పాదం పట్టు తప్పింది. దారాలు అతన్ని అలాగే పట్టుకున్నాయి. పాదం నీళ్ళలో వేలాడుతూ దేనికీ ఆనలేదు. పొడవాటి తొండం చాచి చాచి నీళ్ళను తడిమాడు. అతను తొలిచిన చోట చిప్పకు చిన్న గుంట పడింది కానీ చిల్లు పడలేదు. అతని వాళ్ళు దూరం నుంచి చూసి, దగ్గరికి రాకుండా ఇసుక వైపు వెళ్ళిపోయారు. అక్కడే, ఆ దారాల మధ్యే, తిండి లేక బరమన్న ప్రాణం పోయింది.

నీళ్ళు వెంటనే తేటపడలేదు. మిగిలిన ఆలిచిప్పలు కొద్ది, బురద ఎక్కువ. గిరక ఆకలితో గుల్లలోకి ముడుచుకుని పడి ఉండేది. నెర్రె గోడ మీద, ఆలిచిప్పలకు దూరంగా, లేత పాచి చిగురించినప్పుడు పోలమ్మే పిలిచింది.

"అక్కడ తిను. అది ఎవరి వీపూ కాదు" అంది.

వెనక వరుస నుంచి కొత్త పళ్ళు ఒక్కొక్కటే ముందుకు జరిగాయి. గిరక మెల్లగా తేరుకుంది. ఆకలి రోజుల్లో పెరగక గుల్ల మీద పడిన నొక్కు మాత్రం అలాగే ఉండిపోయింది. అంచున చచ్చిపోయిన ఆలిచిప్పలూ తిరిగి రాలేదు. ఆ వైపు వెళ్ళినప్పుడు గిరక తల దించుకునేది.

వానలు వెనకబడ్డాక, నెర్రె బయట రాళ్ళ మీద ఆవగింజంత ఆలిచిప్ప పిల్లలు వచ్చి అంటుకున్నాయి. కంటికి సరిగ్గా ఆనని పిల్లలు. వాటి చుట్టూ పాచి బాగా పట్టింది. గిరక మేస్తూ మేస్తూ ఆ చోటికి వచ్చింది. నాలుక చాచబోయి ఆగింది. ఒక్కసారి ఊడ్చిందంటే పాచితో పాటు ఆ పిల్లలన్నీ నోట్లోకి వచ్చేస్తాయి.

గిరక నాలుక వెనక్కి తీసుకుంది. పిల్లలు లేని చోటు చూసుకుంటూ, వాటి మధ్య నుంచి ఒంపులు తిరుగుతూ, కొంచెం కొంచెం తింటూ ముందుకు పోయింది. పొద్దుటి ఎండ నీళ్ళలోంచి రాతి దాకా దిగుతోంది.

నీతి: ఎవరి నోరు వాళ్ళ బతుక్కి అమరింది, పక్కవాళ్ళ తిండి తీరును చిన్నచూపు చూసి వాళ్ళను చెరిపేవాడు తన తిండికే ఎసరు పెట్టుకుంటాడు.